నెలకి రెండు కథలు చాలు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నెలకి ముప్పై కథలు చదువుతున్నా ఒక్కటీ మనసులో నిలవడం లేదని రాశావు. తప్పు నీ జ్ఞాపకశక్తిది కాదమ్మా, ఆ ముప్పైది. నిన్నటి కథ ఇంకా నానుతుండగానే ఇవాళ్టిది వచ్చి పడుతుంటే ఏది నిలుస్తుంది? పదిహేను రోజులకి ఒక్క కథ పెట్టుకో. దాన్ని మూడు సార్లు చదువు. ఏడాదికి ఇరవై నాలుగు కథలవుతాయి. ఆ ఇరవై నాలుగూ నీతో ఉండిపోతాయి.

వంద పేజీల రూళ్ల పుస్తకం ఒకటి కొనుక్కో. కుడి పేజీలో కథ గురించి రాయి. ఎడమ పేజీ ప్రస్తుతానికి ఖాళీగా ఉంచు, దాని పని తరవాత చెబుతాను.

మొదటిసారి పెన్సిల్ పట్టుకోకుండా ఏకబిగిన చదువు. ముందుమాట, వెనక అట్ట మీది పొగడ్తలు, ఎవరో చెప్పిన సమీక్ష, ఏదీ ముట్టుకోకు. అవి ముందే చదివితే వాళ్ల కళ్లద్దాలు నీ ముక్కు మీదికి వస్తాయి. యూట్యూబ్‌లో కథాసారం వినడం చదవడం కింద లెక్కలోకి రాదు. సారం చెప్పేవాళ్లు వదిలేసిన వాక్యాల్లోనే మనకి కావలసినవి ఉంటాయి. చదవడం అయ్యాక కథ దేని గురించో ఒక్క వాక్యం రాసి, తేదీ వేసి, మూసెయ్. నాలుగైదు రోజులాగి పెన్సిల్‌తో రెండోసారి చదువు. మరో వారానికి మూడోసారి. ఈసారి కథలో పెద్దగా ఎవరూ పట్టించుకోని మనిషి పక్కన నిలబడి చదవాలి.

గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’తో మొదలుపెట్టు. 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన కథ, పావుగంటలో అయిపోతుంది. ఒక్కో అచ్చులో వాక్యాలు కాస్త తేడాగా ఉంటాయి కాబట్టి మూడుసార్లూ ఒకే పుస్తకంలో చదువు. గోపాలరావు బాగా పొద్దుపోయి ఇంటికొచ్చి తలుపు తియ్యమని పిలుస్తాడు. భార్య కమలిని మంచం మీద ఉండదు. పుట్టింటికి వెళ్లిపోతున్నానన్న ఉత్తరం ఉంటుంది. నౌకరు రాముణ్ణి పిలుస్తాడు, గద్దిస్తాడు, కొడతాడు, తరవాత బాధపడతాడు. చివర్లో మంచం కింద నుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినిపిస్తాయి.

మొదటి చదువులో నువ్వు నవ్వుతావు, నవ్వాలి కూడా. ‘చదువుకున్న భార్య మొగుడికి బుద్ధి చెప్పింది’ అని రాసుకుంటావు. అది తప్పేం కాదు.

రెండో చదువులో ఎవరు మాట్లాడినా పక్కన వాళ్ల పేరులో మొదటి అక్షరం వేసుకుంటూ వెళ్లు. గో, రా, గో, రా అని పేజీ నిండిపోతుంది. కథంతా కమలిని చుట్టూ తిరుగుతున్నా ‘క’ వేసుకోడానికి నీకు దొరికేవి ఒక ఉత్తరం, ఒక నవ్వు. ఆ ఉత్తరంలో సంబోధన దగ్గర ఆగు. ‘ప్రియ’ ఉండాల్సిన చోట ‘అయ్యా’ ఉంటుంది. గోపాలరావు గుండె జారేది ఆ ఒక్క మాట దగ్గరే. ఒక ఇంట్లో చనువు ఎక్కడ తెగిందో ఒక్క పిలుపుతో చూపించడం ఎంత కష్టమో, నీ ఫోన్‌లో పాత మెసేజీలు తిరగేస్తే నీకే తెలుస్తుంది.

మూడో చదువు రాముడి పక్కన నిలబడి. రాముడికి అన్నీ తెలిసే ఉండొచ్చు. అమ్మగారు ఇల్లు దాటలేదని తెలిసే తెలియనట్టు మాట్లాడుతున్నాడేమో చూడు. దిద్దుబాటు అయ్యగారికి, గుద్దులు పడింది రాముడి వీపు మీద. ఆ చప్పుడు మంచం కిందికీ వినపడి ఉంటుంది, కమలిని మాత్రం అప్పుడే బయటికి రాదు. మొదటిసారి ఆ వాక్యం మీద నుంచి నువ్వు నవ్వుకుంటూ దాటిపోయి ఉంటావు. అందరం అలాగే దాటతాం. అంతమాత్రాన గురజాడని తక్కువ చెయ్యక్కర్లేదు. ఆ దెబ్బ దాచకుండా అక్కడ పెట్టింది ఆయనే, చూడనిది మనం. ఇంకొకరున్నారు. గోపాలరావు రాత్రుళ్లు ఎవరి పాట వినడానికి వెళ్తున్నాడో ఆ మనిషి కథలో ఒక్కసారైనా మన ముందుకి రాదు. అదీ రాసుకో.

ఇప్పుడు ఎడమ పేజీ తియ్యి. ఆ వారమంతా మీ ఇంట్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర ఒకటే గమనించు. ఇద్దరు పెద్దవాళ్లకి మాట తేడా వచ్చినప్పుడు ఆ కోపం చివరికి ఎవరి మీద దిగుతోంది? పనిమనిషి మీదా, వాచ్‌మన్ మీదా, కొత్తగా చేరిన కుర్రాడి మీదా, చిన్నపిల్లల మీదా? తేదీ వేసి, విన్న మాట విన్నట్టు, రెండు వాక్యాలు రాయి. అభిప్రాయం రాయకు. ‘పాపం’ అన్న మాట అసలు రాయకు, అది రాశామంటే చూడటం అక్కడితో ఆపేస్తాం. పదిహేను రోజుల్లో ఆ పేజీ నిండకపోతే నాకు చెప్పు.

ఒక్కో కథకి ఒక్కో రకం పెన్సిల్ గుర్తు కావాలి. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ చదివేటప్పుడు డబ్బుకి ఒక వరస గీసుకో. అప్పు ఎంత, ఎప్పుడు తీసుకున్నది, వడ్డీ ఎలా పెరిగింది, అప్పల్రాముడి చేతిలో భూమి ఎంత ఉండేది, ఎంత మిగిలింది. అది పెద్ద కథ, ఆదివారం పొద్దున్నే కూర్చో. అందులో తగువు తీర్చే పెద్దమనుషులు దుర్మార్గులు కారు. ధర్మం, పద్ధతి ప్రకారమే మాట్లాడతారు. చదువుతూ నువ్వు కూడా ‘అప్పు తీసుకున్నాక తీర్చాలిగా’ అని తలూపుతావు. ఎక్కడ తలూపావో అక్కడ గుర్తు పెట్టుకో. చివరి పేజీ అయ్యాక ఆ గుర్తు దగ్గరికి తిరిగి వెళ్లాలి. చివర ఏం జరుగుతుందో నేను చెప్పను, ఎవరైనా చెప్పబోయినా విననని చెప్పు.

చాసో (చాగంటి సోమయాజులు) ‘వాయులీనం’లో వస్తువు వెంట వెళ్లు. వాయులీనం అంటే వయొలిన్. అది ఏ పేజీలో ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు పెట్టెలోకి పోయింది, ఎందుకు ఇంట్లోంచి వెళ్లిపోయింది. అక్కడ కూడా దుర్మార్గుడు దొరకడు. భార్య ప్రాణం నిలబెట్టుకోవాలనుకునే భర్తే ఉన్నాడు. తప్పు చేసినవాడు లేకుండానే ఒక మనిషికి ఎంత పోతుందో ఆ కథలో చూశాక మీ అమ్మ బీరువా పై అరలో ఏముందో ఒకసారి అడుగు.

యాస అడ్డం పడుతోందని కూడా రాశావు. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి కథలు కళ్లతో చదివితే ఎవరికైనా అడ్డం పడతాయి. బయటికి చదువు. ముందు తప్పులు పోతాయి, పోనీ. మూడో పేజీకి ఉత్తరాంధ్ర లయ నోటికి పట్టుబడుతుంది. అర్థం కాని మాటకి నిఘంటువు దగ్గరికి పరుగెత్తకుండా, ఆ ప్రాంతం వాళ్లు తెలిసినవాళ్లుంటే ఫోన్ చేసి అడుగు. ఆ మాట వాళ్లింట్లో ఎప్పుడు వాడతారో చెబుతారు, అది ఏ నిఘంటువూ చెప్పదు.

చెడగొట్టే అలవాట్లు మూడున్నాయి. మొదటిది కథ అయిపోగానే నీతి వెతకడం. బళ్లో పరీక్షల కోసం నేర్పిన అలవాటు అది. నీతి దొరికిందనుకోగానే కథని మరిచిపోవడానికి మనకి అనుమతి దొరికినట్టవుతుంది. రెండోది పాత్రకి తీర్పు చెప్పడం. ‘మంచివాడా కాదా’ అని కాకుండా ‘ఆ పరిస్థితిలో ఇతనికి ఇంకే దారి ఉంది’ అని రాసుకో. మూడోది ఇన్ని కథలు చదివాక వస్తుంది, అన్నిటికన్నా చెడ్డది. నాలుగు కథలు చదివామని ఎదుటి మనిషి బతుకు మనకి తెలిసిపోయిందనుకోవడం. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఏ కథలోనూ పాత్ర కాదు. ఆవిడ అప్పు గురించి తెలియాలంటే ఆవిడ చెబితే వినాలి, చెప్పకపోతే ఊరుకోవాలి.

కథలు ఎక్కడ దొరుకుతాయన్నావు. శ్రీకాకుళంలో కారా మాస్టారు, అదే ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు గారు, 1997లో పెట్టిన కథానిలయం వాళ్ల వెబ్‌సైట్‌లో పాత పత్రికల్లో పడ్డ కథలు వేలల్లో ఉన్నాయి. రచయిత పేరు కొట్టి వెతుక్కోవచ్చు. వరసగా ఒకే రచయితని చదవకు. శ్రీకాకుళం కథ తరవాత చిత్తూరు వైపు మధురాంతకం రాజారాం గారిది, తరవాత తెలంగాణ నుంచి అల్లం రాజయ్యది, తరవాత ఓల్గాది, ఇలా ఊరూ గొంతూ మార్చుకుంటూ వెళ్లు. భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ 1902 నాటిది. ‘దిద్దుబాటు’ అయ్యాక అది చదివి, రెండిళ్లలో భార్యలు భర్తలతో ఎలా మాట్లాడారో పక్కపక్కన రాసి చూడు.

ఈ శనివారం మొదలుపెట్టు. మూడో చదువయ్యాక ఆ రాత్రి జరిగింది రాముడు తన ఇంట్లో వాళ్లకి ఎలా చెప్పుకుంటాడో ఒక పేజీ రాయి, అతని మాటల్లోనే. టైపు చెయ్యకు, చేత్తో రాసి ఫొటో తీసి పంపు. కొట్టివేతలు అలాగే ఉండనీ, నాకు అవే కావాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ