స్పంజికల నుంచి కేన్సర్ మందు: ఫ్రీజర్ పక్కన అయిదేళ్లు గడిపిన వ్యక్తి జవాబు

సముద్రపు స్పంజికల (ఒకేచోట అతుక్కుని బతికే జంతువులు, ఇంగ్లిష్‌లో స్పాంజ్‌లు) సారం కేన్సర్ కణాలను చంపుతుందని చదివాను, మరి ఆ మందు ఎక్కడా కనిపించదేమని, ఈ అంశం మీద పీహెచ్‌డీ చేయవచ్చా అని అడిగారు. నేను అయిదేళ్లు చేసింది ఆ పనే.

మందు ఉంది. ఆస్పత్రుల్లో వాడుతూనే ఉన్నారు, కాకపోతే సీసా మీద స్పంజిక పేరు ఉండదు. ఫ్లోరిడా తీరంలో సేకరించిన ఒక స్పంజికలో వింత న్యూక్లియోసైడ్లు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల కట్టుబడిలో వాడే చక్కెర ఉన్న చిన్న అణువులు) ఉన్నట్టు రసాయన శాస్త్రవేత్త వెర్నర్ బెర్గ్‌మన్ 1950 ప్రాంతంలో కనుగొన్నారు. వాటిలో మామూలుగా ఉండే రైబోజ్ లాంటి చక్కెర బదులు అరాబినోజ్ అనే చక్కెర ఉంది. రైబోజ్‌తో పోలిస్తే తేడా అల్లా ఒక్క హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట) ఎదురు దిక్కుకు తిరిగి ఉండటమే. ఆ చక్కెరతోనే ప్రయోగశాలలో తయారుచేసిన పదార్థం సైటరబిన్. కణం దాన్ని అసలు సరుకే అనుకుని డీఎన్‌ఏలో చేర్చుకుంటుంది, అక్కడితో గొలుసు అల్లిక నిలిచిపోతుంది. 1969లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును ల్యుకేమియా (రక్త కేన్సర్) చికిత్సలో నేటికీ వాడుతున్నారు. అన్నట్టు, హెచ్‌ఐవీ మందు ఏజెడ్‌టీ కూడా స్పంజికలోనే దొరికిందని చాలామంది రాస్తుంటారు. నమ్మకండి. అది 1964లో జెరోమ్ హార్విట్జ్ ప్రయోగశాలలో తయారుచేసినది.

అసలు చిక్కు ఎక్కడుందో తెలియాలంటే హాలికాండ్రిన్ అనే మరో స్పంజిక పదార్థం కథ చూడాలి. జపాన్‌లో హిరాటా, ఉఎమురా అనే రసాయన శాస్త్రవేత్తలు 600 కిలోల స్పంజికను పిండితే చేతికి వచ్చిన హాలికాండ్రిన్-బి 12.5 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కూడా దానికన్నా బరువే. ఈ లెక్కన రోగులకు మందు ఇవ్వాలంటే సముద్రం అడుగు ఊడ్చేయాలి. 1992లో హార్వర్డ్‌లో కిషి బృందం ఆ అణువును మొత్తం ప్రయోగశాలలోనే కట్టింది. ఆ పనిలోనే తేలిందేమిటంటే, అందులో ఒక సగం ఉంటే చాలు, మందులా పనిచేస్తుంది. ఆ సగాన్నే సరిదిద్ది చేసిన ఎరిబ్యులిన్‌కు 2010లో రొమ్ము కేన్సర్ చికిత్సకు అనుమతి వచ్చింది. తయారీకి అరవైకి పైగా మెట్లు! ఒక్కో మెట్టు దగ్గర కొంత పదార్థం పోతుందని గుర్తుంచుకుంటే అది ఎంత మొండి పనో అర్థమవుతుంది.

ఇక నా సంగతి. నాలుగు కిలోల గడ్డకట్టిన స్పంజికతో మొదలుపెట్టాను. ముక్కలు చేసి మిథనాల్‌లో నానబెట్టి, ఆ మిథనాల్‌ను ఆవిరి చేస్తే గోధుమరంగు జిగురు మిగిలింది. అందులో చాలా భాగం సముద్రపు ఉప్పే. దాన్ని కేన్సర్ కణాల మీద వేస్తే చచ్చాయి, నేను ఎగిరి గంతేశాను. తరువాత తెలిసింది, గాజుపళ్లెంలో కణాలను చంపడం గొప్పేమీ కాదని. సబ్బునీళ్లు పోసినా చస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కణాలను వదిలిపెడుతుందా అన్నదే అసలు పరీక్ష. సారాన్ని కాలమ్‌లో (పదార్థాలను వేరుచేసే పొడి నింపిన గొట్టంలో) పోసి భాగాలుగా విడదీయడం, ఒక్కో భాగాన్నీ కణాల మీద చూడటం, పనిచేసినదాన్ని మళ్లీ విడదీయడం, ఇలా పది నెలలు. కొన్నిసార్లు విడదీసేకొద్దీ ప్రభావమే మాయమయ్యేది. చివరికి సీసా అడుగున కనిపించీ కనిపించని తెల్లటి పొర మిగిలింది, రెండు మిల్లీగ్రాములు. ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం తెలిపే పరీక్ష) తీస్తే, అది ఎవరో ఎప్పుడో ప్రచురించేసిన పదార్థం. ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.

మరో మాట. ఈ రసాయనాలలో చాలావాటిని స్పంజిక స్వయంగా చేయదు. కదలలేదు, పారిపోలేదు కాబట్టి దానికి విషమే కవచం, నిజమే. కానీ ఆ విషాన్ని వండిపెట్టేది తరచుగా దాని ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా. థియొనెల్లా స్వైన్‌హోయి అనే స్పంజికలో ఈ సంగతి 2014లో స్పష్టంగా బయటపడింది. అందుకే ఇప్పుడు మొదలుపెట్టేవారు జన్యువుల వైపు నుంచి రావడం మేలని నా అభిప్రాయం. బ్యాక్టీరియా జన్యువులు తెలిస్తే, లొంగే మరో సూక్ష్మజీవిలో పెట్టి పదార్థం చేయించే దారి ఉంటుంది. అది కూడా సులువేమీ కాదు, కానీ టన్నుల కొద్దీ స్పంజికలను తవ్వక్కర్లేదు.

మీకు ఓపిక ఉండి, కాలమ్ ముందు గంటలకొద్దీ నిలబడటం విసుగు అనిపించకపోతే చేరండి. చేరే ముందు గైడ్‌ను రెండు విషయాలు అడగండి. స్పంజిక జాతిని కచ్చితంగా గుర్తించగల నిపుణులు అందుబాటులో ఉన్నారా? (బయటికి ఒకేలా కనిపించేవి వేరే జాతులు కావచ్చు. అక్కడ తప్పితే ఆ తరువాత రాసిందంతా తప్పే.) డీప్ ఫ్రీజర్‌కు జనరేటర్ ఉందా? నవ్వకండి. ఒక శనివారం కరెంటు పోయింది, సోమవారం తలుపు తీశాం. కరిగి కుళ్లిన స్పంజికల వాసనకు ఆ గదిలోకి రెండు వారాలు ఎవరూ అడుగుపెట్టలేదు, నేను తప్ప.