నోవహును దేవుడు "జ్ఞాపకం చేసుకున్నాడు" అంటే, అంతకుముందు మర్చిపోయాడనా?

కాదండీ. బైబిల్లో ఆదికాండము 8:1 చదివితే చాలామందికి వచ్చే డౌటే ఇది, జలప్రళయంలో నోవహు ఓడలో ఉండగా 150 రోజులు నీళ్లు ప్రబలాయని చెప్పి వెంటనే ఆ మాట వస్తుంది కాబట్టి. అక్కడున్న హెబ్రీ పదం జాకర్. దానికి గుర్తు తెచ్చుకోవడం అన్న అర్థం ఉన్నా, దేవుడి విషయంలో వాడినప్పుడు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి కదలడం అనే అర్థమే ముందుంటుంది. అందుకే అదే వచనంలో గాలి వీస్తుంది, నీళ్లు తగ్గడం మొదలవుతుంది. నిర్గమకాండము 2:24లోనూ అంతే: ఇశ్రాయేలీయుల మూలుగు విని అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులతో చేసిన నిబంధనను, అంటే ఒప్పందాన్ని, జ్ఞాపకం చేసుకున్నాడు, తర్వాతి అధ్యాయంలోనే మోషేను పిలిచాడు. పిల్లలు లేక ఏడ్చి ప్రార్థించిన హన్నా సంగతీ ఇలాంటిదే: దేవుడు ఆమెను జ్ఞాపకం చేసుకున్నాడు, ఆమెకు కొడుకు పుట్టాడు.

నాకు మాత్రం యెషయా 49 ఇంకా బలంగా అనిపిస్తుంది. దేవుడు నన్ను మరిచాడని సీయోను (యెరూషలేము, అంటే ఆయన జనం) అంటే, తల్లి తన చంటిబిడ్డను మరిచినా నేను నిన్ను మరువను, నిన్ను నా అరచేతుల మీద చెక్కుకున్నాను అంటాడు. చెరలో నలిగిన జనానికి చెప్పిన మాట అది, సుఖంగా ఉన్నవాళ్లకు కాదు.

అన్నట్టు, యిర్మీయా 31:34లో పాపాలను ఇక జ్ఞాపకం చేసుకోనని కూడా అంటాడు. అక్కడా మతిమరుపు కాదు, ఆ లెక్క ఇక అడగనని.