ఎర్రబంతి కాక్టస్ మొదలు మెత్తబడింది, బతుకుతుందా?

ప్రశ్న: మూడు పలకల పచ్చటి కాడ, దాని మీద ఎర్రటి బంతి ఉండే అంటు కాక్టస్ మా ఇంట్లో ఉంది. కొన్నాళ్లుగా కాడ మట్టికి ఆనే చోట గోధుమరంగుకు తిరిగింది, నొక్కితే మెత్తగా ఉంటోంది. పైభాగం పచ్చగానే ఉంది. బంతి కాస్త ముడతలు పడితే దాహమేమోనని నీళ్లు పోశాను. బంతిని తీసి విడిగా నాటుకోమని ఒకరు చెప్పారు. అలా చేయమంటారా? అమ్మ ఇచ్చిన మొక్క, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బంతిని మట్టిలో మాత్రం నాటకండి. అంత ఎర్రగా ఉందంటే అందులో పత్రహరితం లేదన్నమాట. తన తిండి తాను తయారు చేసుకోలేదు. 1940ల మొదట్లో జపాన్‌లో ఇలాంటి రంగు మొలకలు కనబడినప్పుడు, వాటిని అంటు కట్టడం వల్లే బతికించుకోగలిగారు. మీ కుండీలోనూ బంతిని పోషిస్తున్నది ఆ పచ్చటి కాడే. ముందు దాన్ని కాపాడుకోవాలి.

మట్టి తడిగా ఉన్నా బంతి వడిలిందంటే, వేళ్లు కుళ్లి నీళ్లు పైకి అందడం లేదని అర్థం. ఇక నీళ్లు ఆపేయండి. ఆపినంత మాత్రాన కుళ్లు ఆగదు కాబట్టి, రేపు చూద్దామనుకోకుండా ఇవాళే మొక్కను కుండీలోంచి తీయండి. కాడ మొదట్లో గోధుమరంగు ఉన్నా, అది బెరడులా గట్టిగా పొడిగా ఉంటే వయసు వల్ల వచ్చిందే, కంగారు పడక్కర్లేదు. మీరు మెత్తగా ఉందని రాశారు కాబట్టి కత్తి పట్టక తప్పదు.

పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, మెత్తబడిన చోటుకు కాస్త పైన అడ్డంగా కోయండి. ఇప్పుడు ఆ కోతను వెలుతురులో పట్టుకుని నిదానంగా చూడండి. చుట్టూ పచ్చటి అంచు, లోపల లేత రంగు గుజ్జు, సరిగ్గా మధ్యలో చిన్న వలయం కనిపిస్తాయి. నీళ్లు, ఆహారం నడిచే దారి ఆ వలయమే. కుళ్లు కూడా చాలాసార్లు దాని వెంటే పైకి పాకుతుంది. గుజ్జంతా తెల్లగా ఉండి వలయంలో ఒక్క చోట నారింజ రంగో గోధుమరంగో కనబడినా, లోపల కుళ్లు ఇంకా పైదాకా ఉన్నట్టే. కత్తిని మళ్లీ తుడిచి ఇంకో సెంటీమీటరు పైకి కోయండి. ఇక్కడే చాలామంది మనసొప్పక ఆపేస్తారు. దయచేసి ఆపకండి. వలయం పూర్తిగా శుభ్రంగా కనబడ్డాక కూడా నేనైతే ఇంకో పలుచటి చెక్క తీసేస్తాను.

బంతి కింద నాలుగైదు సెంటీమీటర్ల మంచి కాడ మిగిలితే చాలు. దాన్ని నీడలో, గాలి ఆడే చోట వారం పది రోజులు ఆరనివ్వండి. కోత మీద పొడి పొర కట్టాక, సగానికి సగం ముతక ఇసుకో పెర్లైటో (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్లటి గుళికలు) కలిపిన పొడి మట్టిలో నిలబెట్టండి. కదలకుండా చిన్న పుల్ల ఊతంగా పెట్టండి. మరో వారం తర్వాత కొద్దిగా నీళ్లు పోయవచ్చు. వేళ్లు వచ్చాయో లేదో చూడాలని మాత్రం పైకి లాగకండి.

కుళ్లు బంతి, కాడ కలిసే అతుకు దాకా పోయి ఉంటే, బంతిని కొత్త కాడకు అంటు కట్టాలి. దీనికి బాగా వేళ్లూనిన డ్రాగన్ ఫ్రూట్ కాడ సరిపోతుంది, మామూలుగా ఈ బంతుల కింద ఉండేది అదే. కాడను సమంగా కోసి, మూడు పలకల అంచులనూ ఏటవాలుగా చెక్కండి. లేకపోతే గుజ్జు ఆరి కుంగినప్పుడు గట్టి తొక్క బంతిని పైకి నెట్టేస్తుంది. తర్వాత బంతి అడుగునా శుభ్రమైన గుజ్జు వచ్చేదాకా కోసి, కోతలు ఆరకముందే రెండింటినీ కలిపేయండి. రెండు వలయాలూ కొంతైనా ఒకదాని మీద ఒకటి పడాలి. అవి కలవకపోతే అంటు పట్టదు. రబ్బరు బ్యాండ్లు రెండు కుండీ అడుగు నుంచి బంతి మీదుగా అడ్డంగా, నిలువుగా వేసి, రెండు వారాలు నీడలో ఉంచండి. అతుకు మీద నీళ్లు పడకూడదు. కుళ్లకుండా పసుపు, దాల్చినచెక్క పొడి లాంటివి అద్దుతుంటారు. అంటు కట్టే కోత మీద ఏ పొడీ వద్దు, మధ్యలో అడ్డుపడుతుంది.

బంతి నడుమ కూడా గోధుమరంగు పైదాకా పాకి ఉంటే ఆ బంతి దక్కదు. అప్పుడు కూడా పక్కన గట్టిగా ఉన్న పిలకలేమైనా ఉన్నాయేమో చూడండి. వాటిని ఇలాగే అంటు కట్టవచ్చు. అమ్మ ఇచ్చిన మొక్కే కొనసాగుతుంది.

కాక్టస్ కదా అని నెలల తరబడి నీళ్లు మానేయడం ఈ మొక్కకు పనికిరాదు. కింది కాడ ఎడారి మొక్క కాదు, ఉష్ణమండల అడవుల్లో చెట్లకు పాకే జాతి. చలికీ తట్టుకోలేదు, 10 డిగ్రీల కంటే తగ్గితే లోపల పెట్టండి. మట్టి అడుగుదాకా ఆరాకే నీళ్లు పోయండి, కుండీ కింది పళ్లెంలో నీరు నిలవనివ్వకండి. వేళ్లు నీళ్లు పీల్చడం మొదలుపెడితే బంతి ముడతలు తగ్గుతాయి. అప్పటిదాకా ఎరువు జోలికి వెళ్లకండి.