వేటకుక్కలు చలి లేకపోయినా ఎందుకు వణుకుతాయి?

చాలాసార్లు అది ఉద్వేగమే. పొదలో పిట్ట కదిలిన చప్పుడు వినగానే కుక్క ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు ఉరకడానికి బిగుసుకుంటాయి. కానీ యజమాని "ఆగు" అన్నాడాయె! ఉరకాలన్న తపన, కదలకూడదన్న శిక్షణ ఒకే ఒంట్లో పెనుగులాడుతుంటే ఆ బిగువే వణుకుగా బయటపడుతుంది. దగ్గర్నుంచి చూడండి: చెవులు ముందుకి, చూపు ఒకేచోట, తొడలు సన్నగా అదురుతుంటాయి. ఒక్కోసారి పళ్లు కూడా టకటకలాడతాయి. వదిలిన మరుక్షణం వణుకు మాయం. పాయింటర్లు, రిట్రీవర్లు అనే వేటకుక్క జాతుల్లో ఇది మామూలే. పరీక్ష హాలు బయట టెన్షన్‌తో మన కాళ్లు వణకవూ, అలాంటిదే.

తోక కాళ్ల మధ్య దూర్చి, చెవులు వెనక్కి వాల్చి వణికితే అది భయం. తుపాకీ చప్పుడుకి బెదిరే కుక్కలు లేకపోలేదు.

నన్నడిగితే, ఎక్కువ పట్టించుకోవాల్సింది వేట మధ్యలోనో, అయ్యాకో వచ్చే వణుకుని. గంటల తరబడి పరిగెత్తాక రక్తంలో చక్కెర పడిపోతే కుక్క వణకడంతో పాటు తూలుతుంది, పిలిస్తే పలకదు, ఫిట్స్ కూడా రావచ్చు. అప్పుడు పని ఆపించి, చిగుళ్లకు కాస్త తేనె రాసి, వెంటనే పశువైద్యుడికి చూపించాలి.