‘అశ్విని’ సినిమా పాత క్యాసెట్: పరుగు చెడకుండా డిజిటల్ చేయించడం ఎలా?

మీరు అడిగింది ఇది: గుంటూరులో పరుగు నేర్చుకుంటున్న మీ అమ్మాయికి ‘అశ్విని’ సినిమా చూపించాలి. నెట్‌లో మీకు దొరికిన ప్రింట్ మసకగా ఉంది. ఎప్పుడో టీవీలో వచ్చినప్పుడు రికార్డు చేసుకున్న వీహెచ్ఎస్ క్యాసెట్ అటక మీద ఉంది. దాన్ని డిజిటల్ చేయిస్తే కొత్త 4కే టీవీలో బాగా కనిపిస్తుందా?

సరిగ్గా ఇదే సినిమాకి, ఇదే పని నేను విజయవాడలో రెండుసార్లు చేయించానండీ. మొదటిసారి పాడైంది, రెండోసారి కుదిరింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1991లో ఉషాకిరణ్ మూవీస్ తీసిన సినిమా అది. దర్శకుడు మౌళి. పరుగుల క్రీడాకారిణి అశ్విని నాచప్ప జీవితం ఆధారంగా తీశారు, ఆ పాత్ర ఆవిడే వేశారు. కొడగు నుంచి వచ్చి, పి.టి. ఉషని రెండుసార్లు ఓడించి, 1988లో అర్జున అవార్డు అందుకున్న అమ్మాయి. నర్తకి సుధాచంద్రన్ కథని సుధాచంద్రన్‌తోనే ‘మయూరి’గా తీసిన సంస్థే ఇదీ తీసింది. పరుగు వీరుడు మిల్ఖా సింగ్ మీద 2013లో వచ్చిన ‘భాగ్ మిల్ఖా భాగ్’ కోసం ఫర్హాన్ అఖ్తర్ ఎంత సాధన చేసినా ఆయన నటుడు. ఇక్కడ తెర మీద పరిగెత్తేది నిజమైన స్ప్రింటర్. ఆ మోకాలు లేచే తీరు, చేతులు ఊగే తీరు ఎవరూ నేర్పి చేయించినవి కావు.

స్కూల్లో ఉన్నప్పుడు నేను 200 మీటర్లు పరిగెత్తేదాన్ని. ఇందిరాగాంధీ స్టేడియంలో ప్రాక్టీస్. నాన్న ఈ సినిమాని టీవీ నుంచి రికార్డు చేసి పెట్టారు, ఆదివారం వస్తే అదే వేసుకుని చూసేదాన్ని. మా పీఈటీ సార్‌కి చెబితే కథ వదిలేసి కాళ్లు చూడమన్నారు. అప్పటి నుంచి నాకు ఆ క్యాసెట్ అంటే కాళ్లే.

కాళ్లు చూడాలంటే లెక్క ఒకటి తెలియాలి. పూర్తి వేగంలో ఉన్న స్ప్రింటర్ పాదం నేలకి ఆనేది సెకనులో దాదాపు పదోవంతు మాత్రమే. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. అంటే ఒక్కో అడుగు నేల మీద కనిపించేది రెండు మూడు ఫ్రేముల్లోనే. ఆ రెండు మూడూ చెడిపోతే మీ అమ్మాయి చూడాల్సింది పోయినట్టే. మాటలు చెప్పుకునే సీన్లలో మసక ఉన్నా నడిచిపోతుంది, పరుగులో కుదరదు.

నాకు మొదటిసారి జరిగింది అదే. ఒక షాపులో ఇచ్చాను, నాలుగు రోజులకి డీవీడీ చేసి ఇచ్చారు. ఇంట్లో వేస్తే మనుషులందరూ లావుగా ఉన్నారు. పాత టీవీల 4:3 కొలతలో (వెడల్పు 4, ఎత్తు 3) ఉన్న బొమ్మని వెడల్పు టీవీకి సరిపోయేలా సాగదీశారు. పరుగు మొదలవగానే కాళ్ల అంచుల మీద దువ్వెన పళ్లలాంటి గీతలు. మన పాత టీవీ పద్ధతిలో ఒక్కో ఫ్రేముని రెండు సగాలుగా, సరి గీతలూ బేసి గీతలూ విడివిడిగా పంపేవారు. ఆ రెండు సగాలని కంప్యూటర్‌లో సరైన వరుసలో జత చేయకపోతే, కదలనిది బాగానే ఉంటుంది, కదిలేది మాత్రం చీలికలుగా కనిపిస్తుంది. ఆ రోజు ఏడుపొచ్చింది. నాన్న చేతిరాతతో పేరున్న క్యాసెట్ అది.

రెండోసారి ఇంకొకరి దగ్గరికి వెళ్లాను, డబ్బు కూడా ఎక్కువే అయింది. ముందు ఆయన క్యాసెట్ మూత ఎత్తి లైటు కింద చూశారు. మన కృష్ణా తీరపు ఉక్కపోతకి టేపు అంచుల మీద తెల్లగా బూజు పడుతుంది. అలాంటిది నేరుగా వీసీఆర్‌లో పెడితే టేపుని చదివే హెడ్ పాడవుతుంది, బూజు తర్వాతి క్యాసెట్లకీ అంటుకుంటుంది. మీది అటక మీద ఉందన్నారు కదా, దయచేసి ‘ఒకసారి వేసి చూద్దాం’ అనుకోకండి. ఎండలోనూ పెట్టకండి. శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి.

షాపులో ఇలా అడగండి: 720×576 సైజు, సెకనుకి 25 ఫ్రేములు, బొమ్మ 4:3లోనే ఉంచాలి, కుదించిన చిన్న ఎంపీ4 వద్దు, అసలు ఫైల్ కావాలి. డీవీ అనే డిజిటల్ వీడియో పద్ధతిలో అయితే గంటకి 13 జీబీ దాకా వస్తుంది, కాబట్టి హార్డ్ డిస్క్ మీరే పట్టుకెళ్లండి. ‘4కేకి పెంచి ఇస్తాం’ అంటే ఒప్పుకోకండి. వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరం 240 గీతల స్థాయిదే. లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తే మొహాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. టేపు బదులు వీసీడీ దొరికినా ఆశ పెట్టుకోవద్దు. అది 352×288 మాత్రమే, గడ్డీ జనమూ ఒకేసారి కదిలితే బొమ్మంతా గళ్లు గళ్లు అయిపోతుంది.

ఇక మీ కొత్త టీవీ. సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు. అది రెండు ఫ్రేముల మధ్య లేనివి కల్పించి కలుపుతుంది, వేగంగా కదిలే కాళ్ల చుట్టూ నీడలు పడతాయి. మా ఇంట్లో అది ఆపాకే పాదం ఎక్కడ పడుతోందో తెలిసింది.

ఇంకొక సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 24 ఫ్రేముల సినిమాని మన టీవీల కోసం 25 ఫ్రేములుగా నడిపేవారు. అంటే వేగం 4 శాతం పెరుగుతుంది, పాటల శ్రుతీ కాస్త పైకి వెళుతుంది. పరుగు నేర్చుకునే పిల్లకి ఆ లయ తప్పుగా చూపించడం నాకు ఇష్టం లేదు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో వేస్తే వేగం 0.96కి తగ్గించండి. అందులోనే కీబోర్డు మీద ఇంగ్లిష్ ‘E’ నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది. స్లో మోషన్ షాట్లు వచ్చినప్పుడు అక్కడ ఆపి చూపించండి. వాటిని ఎక్కువ ఫ్రేములతో తీస్తారు కాబట్టి ఒక్కో అడుగుకీ చూడ్డానికి చాలా దొరుకుతుంది.

డిజిటల్ అయ్యాక కూడా క్యాసెట్ పారేయకండి. బీరువాలో నిలబెట్టి, పక్కన సిలికా జెల్ ప్యాకెట్లు వేసి ఉంచండి. మాది ఇప్పటికీ అలాగే ఉంది. మీ టేపు మీద తెల్ల మచ్చలు ఉన్నాయో లేదో, మూత ఎత్తి చూసి ఇక్కడ రాయండి. దాన్నిబట్టి ముందు ఏం చేయాలో చెప్తాను.