కెమెరా మనది, రికార్డింగ్ ఎవరి చేతిలో?

ప్రశ్న: గేటు దగ్గర వైఫై కెమెరా పెట్టించాం. ఉచిత గడువు అయిపోయింది, క్లౌడ్‌కి (ఇంటర్నెట్‌లో వీడియోలు దాచే సేవకు) డబ్బు కట్టమంటున్నారు. కట్టకపోతే పాత వీడియోలు పోతాయా?

జవాబు: పోవచ్చు. అవి చెరిగిపోకముందే కావలసినవి ఫోన్‌లోకి దించుకోండి. కెమెరాకు మెమరీ కార్డు స్లాట్ ఉంటే క్లౌడ్ లేకుండానే రికార్డవుతుంది. 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్ల) వీడియో ఆగకుండా నడిస్తే రోజుకు సుమారు 21 జీబీ పడుతుంది. అంటే 128 జీబీ కార్డులో సుమారు ఆరు రోజులే, ఆపై పాతది చెరిగిపోతూ ఉంటుంది. ఇలా రాత్రింబవళ్లు రాస్తే మామూలు కార్డు త్వరగా పాడవుతుంది, ‘హై ఎండ్యూరెన్స్’ రకమే కొనండి. దొంగ కెమెరానే పీక్కెళితే కార్డూ పోతుంది కదా! ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల కెమెరాలు, రికార్డర్లు కలిసి పనిచేసేలా చేసే ప్రమాణం) ఉన్న కెమెరా అయితే లోపలి గదిలో ఎన్‌వీఆర్ (నెట్‌వర్క్ ద్వారా వచ్చే కెమెరా వీడియోను దాచే పెట్టె) పెట్టడం మేలు. దొంగతనం జరిగితే కత్తిరించని అసలు ఫైలు భద్రపరచండి. కోర్టుకు వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లో ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెప్పే 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం దానికి జత చేయాలి.