ఉద్యోగం మానేయాలా అన్నది మూడో ప్రశ్న

ప్రశ్న: మాది పరకాల. మా అమ్మాయికి 27 ఏళ్లు. ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఎడ్ చేసి, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ పాసై, మూడేళ్లుగా హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతూ అక్కడే హాస్టల్లో ఉంటోంది. రెండు నెలలుగా సరిగా నిద్రపోవడం లేదు. ఆదివారం సాయంత్రమైతే ఏడుస్తోంది. ఉద్యోగం మానేసి డీఎస్సీకి, అంటే ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్షకు, చదువుతానంటోంది. ‘పాఠం చెప్పే పనిలో టెన్షనేముంటది’ అని బంధువులంటున్నారు. మానేయమనాలా? మానసిక వైద్యుడికి చూపిస్తే రేపు ప్రభుత్వోద్యోగానికి, పెళ్లికి అడ్డొస్తుందా?

జవాబు: అయ్యా, మీరు అడిగినవాటిలో ఉద్యోగం మానేయడం గురించిన ప్రశ్నను చివరికి జరుపుతున్నాను. అమ్మాయికి ఉన్నది అలసటా, అనారోగ్యమా అన్నది మొదటి ప్రశ్న. ఆమెను అలసగొడుతున్నది బోధన వృత్తా, ఆ ఒక్క సంస్థలోని పని పద్ధతా అన్నది రెండోది. ఈ రెండూ తేలకముందే రాజీనామా చేస్తే, నిద్రలేని మనసుతో తీసుకున్న నిర్ణయాన్ని నిద్రపట్టిన తర్వాత మోయవలసి వస్తుంది.

బంధువుల మాటకు జవాబు నా అనుభవంలోనే ఉంది, ఎందుకంటే ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ ఆరేళ్లు లెక్చరర్‌గా పనిచేశాను. ఒక ఏడాది వారాంతపు పరీక్షల జవాబు పత్రాల కట్టను శనివారం ఇంటికి తెచ్చి, దాని తాడు కూడా విప్పకుండా సోమవారం తిరిగి కాజీపేట వంతెన మీదుగా కళాశాలకు మోసుకుపోయాను; అలా వరుసగా మూడు వారాలు జరిగింది. సోమరితనమని నన్ను నేనే తిట్టుకున్నాను తప్ప, చేతకానంతగా అలసిపోయానని నాకు తోచలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ వ్యాధుల వర్గీకరణలో ‘బర్నవుట్’ను జబ్బుగా కాక, పనిచేసే చోట చాలాకాలం తగ్గని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా చేర్చి, దానికి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువ ఇంకిపోవడం, పని మీద విముఖత పెరగడం, చేస్తున్నదేదీ సరిగా చేయలేకపోతున్నామన్న భావన. నా కట్ట విప్పని సోమవారాల్లో ఈ మూడూ ఉన్నాయి.

పాఠం చెప్పే పనిలోని బరువు బయటివాళ్లకు కనిపించదు. ఆఫీసులో మనసు బాగోలేని రోజున ఎవరితోనూ మాట్లాడకుండా పని చేసుకోవచ్చు గానీ, 60 మంది ఎదుట నిలబడ్డ మనిషికి ముఖం చిన్నబుచ్చుకునే వీలు కూడా ఉండదు. దానికి తోడు పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్టులు, మార్కులు తగ్గితే తల్లిదండ్రుల ఫోన్లు, రాత్రి పదిన్నరకు వాట్సాప్ గ్రూపులో రేపటి డ్యూటీ మార్పు, కొన్ని సంస్థల్లోనైతే ఎండాకాలంలో ఇల్లిల్లూ తిరిగి పూర్తి చేయవలసిన అడ్మిషన్ల టార్గెట్. విద్యాహక్కు చట్టం 8వ తరగతి వరకు చెప్పే ఉపాధ్యాయులకు, పాఠం సిద్ధం చేసుకునే సమయంతో కలిపి, వారానికి 45 గంటల పనిని ప్రమాణంగా పెట్టింది. జూనియర్ కళాశాలకు ఆ చట్టం వర్తించదు, కానీ కొలబద్దగా పనికొస్తుంది. ఒక వారంపాటు ఏ గంట దేనికి పోయిందో అమ్మాయిని నోటుబుక్కులో రాయమనండి. ఎక్కువ గంటలు పాఠానికి పోతున్నాయా, పాఠం కాని పనులకు పోతున్నాయా అన్నది చూస్తే నేను చెప్పిన రెండో ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. తరగతి గదిలో ఉన్నంతసేపూ బాగుండి, బయటికి రాగానే కుంగిపోతుంటే మార్చవలసింది వృత్తిని కాదు, సంస్థను.

ఇక మొదటి ప్రశ్న. అలసట సాధారణంగా సెలవుల్లో తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులు, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు కాబట్టి వైద్యుడు చూసి తేల్చవలసిందే. మీ అమ్మాయికి రెండు నెలలు దాటాయి, ఇంకా ఆగవద్దు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల కూడా ఇలాంటి నీరసం వస్తుంది గనుక రక్తపరీక్షలు రాస్తే చేయించండి. మందులు రాస్తే భయపడవద్దు. డిప్రెషన్ మందుల గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, వాటిని డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట ఆమె నోట ఒక్కసారి వచ్చినా ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చికిత్స సంగతి బయటపడుతుందన్న మీ భయం సహజమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప వైద్యులు వాటిని ఇతరులకు చెప్పకూడదు. డీఎస్సీ ఎంపికలో చూసేది పరీక్ష మార్కులు, టెట్ వెయిటేజీ, రిజర్వేషన్లు, ధ్రువపత్రాలే. పెళ్లి విషయంలో నేను చెప్పగలిగేది ఒక్కటే: చికిత్స దాచిపెట్టడం కన్నా చికిత్స మానిపించడం వల్ల వచ్చే నష్టం పెద్దది.

ఇప్పుడు మూడో ప్రశ్న. తెలంగాణలో 2017 నాటి ఉపాధ్యాయ నియామక నోటిఫికేషన్‌లో 8,792 పోస్టులు వచ్చాయి. ఆ తర్వాత 11,062 పోస్టుల డీఎస్సీ పూర్తయ్యేసరికి 2024 అయింది. ఇలాంటి పరీక్షను నమ్ముకుని, తేదీ తెలియకుండా, జీతం వదులుకుని ఇంట్లో కూర్చుంటే ఒక ఒత్తిడి పోయి మరొకటి వస్తుంది. ప్రభుత్వ బడిలో చేరితే ఒత్తిడే ఉండదనీ అనుకోవద్దు. ఎన్నికలు, జనగణన డ్యూటీలు అక్కడా ఉంటాయి. సర్వీసు అయిదేళ్లకు మించి మిగిలి ఉండి టెట్ లేనివాళ్లు రెండేళ్లలో పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పాక, మన చుట్టుపక్కల ఎందరో సీనియర్ ఉపాధ్యాయులు రాత్రిళ్లు మళ్లీ పుస్తకం పట్టారు. మీ అమ్మాయికి ఆ బెడద లేదు.

నా సలహా ఇది. ముందు డాక్టరు సలహాపై రెండు మూడు వారాల సెలవు అడగాలి. తిరిగి చేరేటప్పుడు ఒక స్టడీ అవర్‌నైనా తగ్గించమని రాతపూర్వకంగా కోరాలి. ఒప్పుకోకపోతే తక్కువ జీతమైనా గంటలు తక్కువున్న బడిలో చేరి, మిగిలిన సమయంలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు చదువుకోవచ్చు. రాజీనామా ఇచ్చే ముందు ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాల దగ్గర ఉంటే వెనక్కి తీసుకోవాలి, పీఎఫ్ ఖాతా వివరాలు, సర్వీస్ సర్టిఫికెట్ చేతికి రావాలి.

వచ్చే ఆదివారం మీరే హనుమకొండ వెళ్లి, సాయంత్రం ఆమెను భద్రకాళి బండ్ వైపు నడకకు తీసుకెళ్లండి. సోమవారం ఆసుపత్రికి తోడుండండి. ఆ రెండు రోజులూ డీఎస్సీ మాట మీరుగా ఎత్తకండి.